మూడు రెట్ల జీతం అడిగాను

2021 ఆగస్టులో, డాలస్ ఎండ నెత్తి మాడుస్తున్న ఒక మధ్యాహ్నం, మా అద్దె ఇల్లు చూడడానికి ఒకావిడ వచ్చారు. వృద్ధాశ్రమంలో సహాయకురాలట. నీలం యూనిఫారం మార్చుకోకుండానే పిల్లలిద్దరినీ కారెక్కించుకుని వచ్చేసినట్టున్నారు. చిన్నవాడు వంటింట్లో అల్మరా తలుపులు ఒక్కొక్కటే తీస్తుంటే కళ్లతోనే వారించారు. మామూలుగా ఇల్లు చూడవచ్చినవాళ్లు పడకగది ఎంత ఉంది, పెరడు ఎంత ఉంది అని చూస్తారు. ఆవిడ కుళాయిలు తిప్పి చూశారు. ప్రతి గదిలోనూ కిటికీ గొళ్లెం వేసి తీశారు. పైకప్పు కేసి చూస్తూ పొగ అలారాలు లెక్కపెట్టారు. ఈవిడకు ఇంత చాదస్తం ఏమిటి అనుకున్నాను. అది చాదస్తం కాదని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగారు, తన దగ్గర సెక్షన్ 8 వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వం కడుతుందన్న కాగితం) ఉంది, తీసుకుంటారా అని. అడిగేటప్పుడు నా మొహం చూడలేదు, చేతిలో ఫైలు కేసి చూశారు. ఎన్ని గుమ్మాల దగ్గర అడిగితే అలా తలదించుకుని అడగడం అలవాటవుతుందో నేనప్పుడు ఆలోచించలేదు. వోచరుకు గడువు ఉంటుందట. ఇంకా 11 రోజులు మిగిలాయన్నారు.

నేను కాదనలేదు. మొహం మీద కాదనడం మనకు చేతకాని పని. "అద్దెకు మూడు రెట్లు నెల ఆదాయం చూపించాలండీ, అది మా నియమం" అన్నాను. ఆ ఇంటికి యజమానులం ఇద్దరమే, నేనూ మా ఆయనా. నియమం ఎవరు పెట్టారని అడిగితే చూపించడానికి మూడో మనిషి లేరు. ఆవిడ అడగలేదు. థాంక్స్ చెప్పి, పిల్లాడు తీసిన తలుపులన్నీ వాడి చేతే మూయించి వెళ్లిపోయారు.

ఆ ఇల్లు కొనిపించిన రియల్టర్ మన తెలుగబ్బాయే. సాయంత్రం ఫోనులో సంగతి చెబితే, "మంచి పని చేశారక్కా. సెక్షన్ ఎయిట్ జోలికి పోకండి. ఇన్‌స్పెక్షన్లని ప్రాణం తీస్తారు, ఇల్లు గుల్ల చేసి పోతారు" అన్నాడు. ప్రాణం తీసేది ఎవరు, గుల్ల చేసేది ఎవరు? రెండు క్రియలకూ కర్త ఎవరో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. డాలస్ శివార్లలో ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా, లిటిల్ ఎల్మ్, ఆబ్రీ చుట్టుపక్కల జీతం డబ్బుతో రెండో ఇల్లు కొని అద్దెకిచ్చిన తెలుగువాళ్లు ఏ గృహప్రవేశానికి వెళ్లినా కనిపిస్తారు. పులిహోర పళ్లెం చేత్తో పట్టుకుని మాట్లాడుకునే మాటల్లో ఒకటి పిల్లల కాలేజీ, రెండోది వడ్డీ రేటు. వాటి మధ్యలో "సెక్షన్ ఎయిట్ అయితే మాత్రం వద్దు" అన్నది కూరలో ఉప్పులా కలిసిపోయి ఉంటుంది. ఎవరూ దాన్ని విడిగా రుచి చూడరు.

ఆ ఉప్పు రుచి నాకు ఇంతకు ముందే తెలుసు. 2005లో హైదరాబాదులో, కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లో, నేనూ నా స్నేహితురాలూ కలిసి ఎస్.ఆర్. నగర్‌లో టు-లెట్ బోర్డు చూసి ఒక ఇంటికి వెళ్లాం. పెద్దావిడ మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, "మీ ఇంటిపేరేమిటమ్మా?" అని నన్నడిగారు. చెప్పాను. తర్వాత నా స్నేహితురాలిని అడిగారు. తనూ చెప్పింది. గ్లాసులు లోపల పెట్టి వచ్చేసరికి ఆవిడకు ఏదో గుర్తొచ్చింది, ఆ వాటా చుట్టాలబ్బాయికి ఇస్తామని ఎప్పుడో మాటిచ్చారట. బోర్డు మరో నెల రోజులు అక్కడే వేలాడింది. మేము రోజూ ఆ వీధి గుండానే బస్సుకు వెళ్లేవాళ్లం. నా స్నేహితురాలు ఆ బోర్డు కేసి చూసేది కాదు, నేను చూసేదాన్ని. అక్కడ కులం అని ఎవరూ అడగలేదు, ఇంటిపేరు అడిగారు. ఇక్కడ నేను పేదరికం అనలేదు, మూడు రెట్ల ఆదాయం అన్నాను.

ఇంతకీ ఈ వోచర్ అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ప్రభుత్వ ఇల్లు అంటే మనకు తెలిసింది ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. ప్రభుత్వమే కట్టి ఇవ్వడమో, కట్టుకోవడానికి డబ్బివ్వడమో. అమెరికాలోనూ ఒకప్పుడు అంతే, పెద్ద పెద్ద ప్రభుత్వ భవనాలు కట్టి పేదవాళ్లను పెట్టేవారు. వాటికి నిర్వహణ డబ్బు సరిగా ఇవ్వక, నల్లజాతి కుటుంబాలను వాటిలోనే కుక్కి, చివరికి భవనాలదే తప్పన్నారు. సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అనే 33 భవనాల సముదాయాన్ని 1972 నుంచి పేల్చి కూల్చడం మొదలుపెట్టిన దృశ్యాలు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట చూపిస్తూనే ఉంటారు. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం కొత్త కట్టడాలకు నిధులు ఆపేసింది. 1974 ఆగస్టులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన చట్టంతో పద్ధతి మారింది. ఇక ప్రభుత్వం ఇల్లు కట్టదు, ప్రైవేటు ఇంట్లో ఉండడానికి అద్దెలో కొంత ఇస్తుంది. 1937 నాటి గృహ చట్టంలో ఎనిమిదో సెక్షను కింద పెట్టారు కాబట్టి సెక్షన్ 8. 1998 తర్వాత దానికి పెట్టిన అధికారిక పేరు హౌసింగ్ చాయిస్ వోచర్. చాయిస్ అన్నమాట.

ఈ రోజు సుమారు 23 లక్షల కుటుంబాలు ఈ వోచర్ మీద బతుకుతున్నాయి. అర్హత ఉన్నవాళ్లందరికీ ఇది రాదు. అద్దె సాయానికి అర్హులైన ప్రతి నలుగురిలో ఒకరికే ఏదో ఒక కేంద్ర సాయం అందుతోంది. మిగతా ముగ్గురూ వరసలో ఉంటారు, కొన్నిచోట్ల ఆ వరస కూడా ఏళ్ల తరబడి మూసేసి ఉంటుంది. అంటే నా గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ అప్పటికే ఒక లాటరీ గెలిచిన మనిషి. చాలా ఏళ్లు ఎదురుచూసి గెలిచి ఉంటారు. గెలిచాక చేతికి వచ్చింది ఇల్లు కాదు, ఇల్లు వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. నియమాల ప్రకారం కనీసం అంత ఇవ్వాలి. వోచర్లు నడిపే స్థానిక ప్రభుత్వ సంస్థ, హౌసింగ్ అథారిటీ, దయ తలిస్తే పొడిగిస్తుంది. లేకపోతే వోచర్ వెనక్కి పోయి వరసలో తర్వాతి వారికి వెళుతుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఈ పథకంలో ఆ పూజారిని నేను.

ఎంతమంది దగ్గర ఇలా వరం చేజారుతుందో లెక్కలున్నాయి. 1993లో వోచర్ అందుకున్న 100 మందిలో 81 మంది గడువులోగా ఇల్లు సంపాదించుకోగలిగారు. 2000 నాటికి అది 69కి పడింది. 2019 నాటికి దాదాపు 60. అంటే పదిమందిలో నలుగురు ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న కాగితాన్ని వాడుకోకుండానే తిరిగి ఇచ్చేస్తున్నారు. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2018లో అయిదు ఊళ్లలో ఇళ్ల యజమానులకు ఫోన్లు చేసి, వోచర్ తీసుకుంటారా అని అడిగించింది. మా పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లో 78 శాతం మంది కాదన్నారు. లాస్ ఏంజెలెస్‌లో 76. దేశ రాజధాని వాషింగ్టన్‌లో 15. అసలు ఆ ఫోన్ చేసేదాకా రావడమే గగనం. అద్దె పరిమితికీ ఇంటి పరిమాణానికీ సరిపడే ఒక్క ప్రకటన దొరకడానికి సగటున 39 ప్రకటనలు జల్లెడ పట్టాల్సి వచ్చిందట. రాత్రి డ్యూటీ చేసి, ఇద్దరు పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుని, ఆ మధ్యలో 39 ప్రకటనలు!

ఇప్పుడు నా మూడు రెట్ల నియమం సంగతి చూద్దాం. ఆవిడ జీతమెంతో నేను అడగనైనా అడగలేదు, కాబట్టి ఉజ్జాయింపుగా, గుండ్రని అంకెలు వేస్తున్నాను. మినహాయింపులు పోను నెలకు 1,800 డాలర్లు అనుకోండి. అందులో 30 శాతం, అంటే 540 డాలర్లు, ఆవిడ వాటా. మా ఇంటి అద్దె, కరెంటు, నీళ్లు అన్నీ కలిపి 2,200 అనుకుంటే మిగిలిన 1,660 హౌసింగ్ అథారిటీది. అందులో అద్దెకు పోయేది నేరుగా నా ఖాతాలో పడుతుంది. ఆవిడ చేతికి వచ్చేది కాదు, వేరే ఖర్చుకు పోయేది కాదు. నేను అడిగిందేమో 2,200కు మూడు రెట్లు, అంటే 6,600. నెలకు 6,600 తెచ్చుకునే మనిషికి ఈ వోచరే రాదు. ఆవిడ కట్టాల్సిన 540కి మూడు రెట్లు వేస్తే 1,620. ఆవిడకు 1,800 ఉంది. అంటే నియమం నెగ్గింది, నేనే లెక్క తప్పు అంకె మీద వేశాను. ప్రభుత్వం కట్టే వాటాకు కూడా ఆవిడ జీతం చూపించమన్నాను. మా ఇంటి మీద బ్యాంకు అప్పుందిగా, దానికి మూడు రెట్లు నెలకు నాకు వస్తుందా అని ఎవరూ నన్నడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు.

మూడు రెట్ల నియమం నా తెలివి కాదు. ఇక్కడ అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో అది ముద్రించిన మంత్రంలా ఉంటుంది. చట్టం ప్రకారం "వోచర్ తీసుకోం" అనకూడని రాష్ట్రాల్లో అదే పని చేయడానికి ఇది బాగా పనికొస్తుంది. అందుకే కొన్ని రాష్ట్రాలు అద్దెదారు వాటా మీదే లెక్క వేయాలని కూడా చట్టంలో రాయాల్సి వచ్చింది. కాలిఫోర్నియా 2020 జనవరి నుంచి అమలు చేస్తున్న చట్టంలో ఈ సంగతి ఉంది. మనిషి బుద్ధి తెలిసినవాళ్లు రాసిన చట్టం.

యజమాని ఒప్పుకున్నా పని కాని సందర్భం ఇంకొకటి ఉంది. హౌసింగ్ అథారిటీ ఎంతవరకు ఇస్తుందో దానికి ఒక కొలబద్ద ఉంటుంది. ప్రాంతంలోని అద్దెలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, నూరింటిలో నలభయ్యో మెట్టు దగ్గర ఆగి, ఆ అద్దెను కేంద్ర గృహ శాఖ ఏటా ప్రకటిస్తుంది. అథారిటీలు దానికి పది శాతం అటూ ఇటూగా తమ పరిమితి పెట్టుకుంటాయి. ఆ పరిమితి 2,200 అనుకుందాం. ఇంటి ఖర్చు 2,450 అయితే? పైనున్న 250 ఆవిడ భరించాలి. 540కి 250 కలిపితే 790. కొత్త ఇంట్లో చేరేటప్పుడు తన ఆదాయంలో 40 శాతం కన్నా ఎక్కువ కట్టకూడదని నియమం, అంటే 720. ఆ 70 డాలర్ల దగ్గర కథ ముగుస్తుంది. కట్టుకుంటానని ఆవిడ ఏడ్చి మొత్తుకున్నా ఒప్పుకోరు. నియమం ఆవిడ మంచికే పెట్టారు, కాదనను. మంచి బడులున్న పేటల్లో అద్దెలు సరిగ్గా ఆ 70 డాలర్ల అవతలే మొదలవుతాయి మరి.

ఈ ఒక్క విషయంలో మా డాలస్ కొంత నయం. పెద్ద నగరమంతటికీ ఒకే కొలబద్ద పెడితే వోచర్లున్నవాళ్లంతా చవక పేటల్లోనే చిక్కుకుపోతున్నారని ఇక్కడ ఒక సంస్థ కోర్టుకెక్కింది. రాజీ కుదిరాక 2011 నుంచి డాలస్‌లో జిప్ కోడ్‌కొక కొలబద్ద వచ్చింది. ఖరీదైన పేటలో పరిమితి పెరిగింది, చవక పేటలో తగ్గింది, ప్రభుత్వానికి మొత్తం మీద అదనపు ఖర్చు పెద్దగా పడకుండానే కుటుంబాలు మెరుగైన పేటలకు మారాయని ఆర్థికవేత్తలు లెక్కకట్టారు. అంటే మా ఇంటి అద్దె కొలబద్దకు లోబడే ఉంది. డబ్బు కుదిరింది, ఇల్లు కుదిరింది. కుదరనిది నేను.

చట్టం ఏమంటుందంటారా? 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం కారణంగా ఇల్లు లేదనకూడదు. తర్వాత స్త్రీ పురుష భేదం, వైకల్యం, పిల్లలుండడం కూడా చేర్చారు. మనలాంటి వాళ్లం ఈ దేశంలో ఏ పేటలోనైనా ఇల్లు కొనుక్కోగలుగుతున్నామంటే ఆ "పుట్టిన దేశం" అన్న రెండు మాటల పుణ్యం కూడా ఉంది. అద్దె డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం ఆ జాబితాలో లేదు. దాన్ని రాష్ట్రాలకూ ఊళ్లకూ వదిలేశారు. న్యూజెర్సీ, మసాచుసెట్స్, వాషింగ్టన్, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు వోచర్ కారణంగా కాదనకూడదన్నాయి. 2014 డిసెంబరులో మా రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నగరం కూడా అదే చేసింది. ఏడాది తిరగకముందే, 2015లో, ఏ ఊరూ అలాంటి నియమం పెట్టకూడదని టెక్సస్ శాసనసభ చట్టం చేసింది. ఒక మినహాయింపు ఇచ్చారు. మాజీ సైనికులను రక్షించడానికి మాత్రం ఊళ్లు నియమాలు చేసుకోవచ్చు.

నాకు ఆ మినహాయింపు మీదే కోపం. వోచర్ కాదనడం వల్ల ఎవరికీ అన్యాయం జరగదని నిజంగా నమ్మితే సైనికుడిని మాత్రం ఎందుకు కాపాడాలి? అన్యాయం జరుగుతుందని తెలుసు కాబట్టే కదా. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు ఒళ్లు తుడిచే మనిషికి ఆ అన్యాయం జరిగినా పరవాలేదని తేల్చేశారన్నమాట.

దీనికి 2022లో మా దగ్గరే, ఆబ్రీ పక్కన ప్రావిడెన్స్ విలేజ్‌లో, ఇంకో అధ్యాయం నడిచింది. అక్కడి ఇళ్ల యజమానుల సంఘం ఏకంగా తమ కాలనీలో ఎవరూ సెక్షన్ 8 వాళ్లకు అద్దెకివ్వకూడదని నియమం చేసింది. అప్పటికే వోచర్ మీద అక్కడ ఉంటున్న కుటుంబాల్లో అత్యధికులు నల్లజాతివాళ్లు. దేశమంతా పత్రికల్లో గగ్గోలు పుట్టింది. 2023లో శాసనసభ మళ్లీ చట్టం చేసింది, అద్దె ఏ రూపంలో వస్తుందన్న కారణంతో యజమానుల సంఘాలు అద్దెకివ్వడాన్ని నిషేధించకూడదని. నేనూ సంతోషించాను. తర్వాత రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి కనబడింది. 2015 చట్టం యజమానిని "తీసుకో" అని ఊరు బలవంతపెట్టకూడదంది. 2023 చట్టం యజమానిని "తీసుకోవద్దు" అని కాలనీ బలవంతపెట్టకూడదంది. రెండుసార్లూ కాపాడింది నన్నే. ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ ఆ రెండింటిలో ఎక్కడా లేరు. చాయిస్ అని పేరు పెట్టింది ఆవిడ కాగితానికి, ఇచ్చింది నాకు.

ఇంకో చిన్న చరిత్ర. 1987లో అమెరికా కాంగ్రెస్ ఒక షరతు పెట్టింది, ఒక్క వోచర్ కుటుంబాన్ని తీసుకున్న యజమాని, వోచర్ ఉందన్న కారణంతో తర్వాతి వారిని కాదనకూడదని. యజమానులు బెదిరిపోయి అసలు మొదటివారినే తీసుకోవడం లేదన్నారు. 1996లో దాన్ని ఆపి, 1998లో పూర్తిగా తీసేశారు. సరిగ్గా చాయిస్ అన్న పేరు పెట్టిన చట్టంలోనే.

ఇక మా ఇంటి కథ. 2021లో ఆవిడ వెళ్లిన నాలుగో రోజుకే ఒక సాఫ్ట్‌వేర్ కుటుంబం దొరికింది. రెండేళ్లు కాకముందే వాళ్లు సొంత ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయారు. 2023 వసంతానికి ఇక్కడ కొత్త అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. మా ఇల్లు ఆరు వారాలు ఖాళీగా పడి ఉంది. ఆరో వారంలో వోచర్ ఉన్న మరొకావిడ ఫోన్ చేస్తే రమ్మన్నాను. మనసు మారి కాదు, అప్పు వాయిదా నెత్తిన కూర్చుని. ఇది దాచుకోవడంలో అర్థం లేదు. వోచర్ ఉన్నవాళ్లకు ఇల్లు దొరకడమన్నది యజమానుల మంచితనం మీద కాకుండా వాళ్ల ఖాళీ ఇళ్ల మీద ఆధారపడి ఉందనడానికి నేనే సాక్ష్యం.

యజమానుల ఫిర్యాదులు అబద్ధాలని అనను. ఒప్పందం కాగితాలు పంపాక, వోచర్ ఇచ్చే ముందు ఇల్లు సరిగా ఉందో లేదో చూసే తనిఖీకి అథారిటీ మనిషి రావడానికి రెండు వారాలు పట్టింది. వచ్చినాయన టార్చిలైటు పట్టుకుని ముప్పావు గంట తిరిగి, ఇల్లు తప్పిందని రాసిచ్చి వెళ్లారు. మూడు కారణాలు. వెనక పడకగదిలో కిటికీ గొళ్లెం పడడం లేదు. మేడ మీద నడవలో పొగ అలారం లేదు. మూడోది నాకు పేరు కూడా తెలియని సంగతి. వాటర్ హీటరులో వేడి, ఒత్తిడి మరీ పెరిగితే తెరుచుకునే ఒక వాల్వు ఉంటుంది, దాని నుంచి కిందికి ఒక గొట్టం దిగి ఉండాలి. మా హీటరుకు అది లేదు. వాల్వు తెరుచుకుంటే మరిగే నీళ్లు పక్కన నిలబడ్డ మనిషి మొహం మీదికి చిమ్ముతాయని ఆయన చేత్తో చూపించారు. సరిగ్గా ఒక చిన్నపిల్లాడి ఎత్తు.

గ్యారేజీలో ఆ హీటరు పక్కనే ముందున్న కుటుంబం పిల్లల సైకిళ్లు పెట్టేది. మూడు రెట్ల ఆదాయం చూపించిన కుటుంబం. వాళ్లు ఉన్నన్నాళ్లూ వాళ్ల ఇంటిని ఎవరూ తనిఖీ చేయలేదు, చేయమని వాళ్లూ అడగలేదు. ముక్క గొట్టం, గొళ్లెం, అలారం, ప్లంబరు కూలీ కలిపి 200 డాలర్లు కూడా కాలేదు. 2021లో ఆవిడ గొళ్లాలు ఎందుకు వేసి తీశారో ఆ రోజు తెలిసింది. మిగిలిన 11 రోజుల్లో తనిఖీలో తప్పే ఇంటిని ఎంచుకుంటే ఆవిడకు మళ్లీ వెతుక్కునే వ్యవధి ఉండదు.

మళ్లీ తనిఖీకి ఇంకో 19 రోజులు. ఆ రోజుల అద్దె పోయింది. మొదటి చెల్లింపు ఏడో వారంలో గాని రాలేదు, బకాయి మొత్తం కలిపి ఒకేసారి వచ్చింది. ఒక్క ఇల్లున్న నాలాంటి వాళ్లకు అది నొప్పే. అయితే ఆ తర్వాత నేటి వరకు, నెల మొదట్లో అథారిటీ వాటా పడని నెల లేదు. మా ఆయన ఉద్యోగం ఊడిన రెండు నెలల్లో మా ఇంట్లో ఖచ్చితంగా వచ్చిన ఆదాయం అదొక్కటే. ఇల్లు గుల్ల కాలేదు. గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, పిల్ల ఎత్తు కొలిచినవి. మా సొంత ఇంట్లోనూ ఉన్నాయవి.

కాబట్టి నా వాదన ఇది. యజమానికి నొప్పి ఉందన్నది నిజమే, ఆ నొప్పికి మందు వెయ్యాలి. తనిఖీ వారంలో జరగాలి, మొదటి చెల్లింపు నెల దాటకూడదు, ఖాళీగా ఆగిన రోజులకు ఎంతో కొంత ముట్టజెప్పాలి. కొన్నిచోట్ల ఇలాంటివి చేస్తున్నారు కూడా. సియాటిల్ ప్రాంతంలో వోచర్ కుటుంబాలకు ఇల్లు వెతకడంలో తోడుండి, యజమానులతో మాట్లాడి, అడ్వాన్సుకు సాయం చేసి చూశారు (వోచర్ అడ్వాన్సుకు పనికిరాదు, దరఖాస్తు ఫీజులకూ పనికిరాదు). మంచి అవకాశాలున్న పేటలకు చేరిన కుటుంబాలు 15 శాతం నుంచి 53 శాతానికి పెరిగాయి. అంతవరకూ ఆ కుటుంబాలు చవక పేటలనే కోరుకుంటున్నాయనుకునేవారు. కోరిక కాదు, దారి లేక.

అయితే మందు ఒక్కటే చాలదు. కాదనే హక్కు తీసెయ్యాలి. ఫిలడెల్ఫియాలో అలాంటి నియమం ఉండి కూడా ఆ ఫోన్ల సర్వేలో 67 శాతం మంది కాదన్నారని నాకు గుర్తు చేసేవాళ్లున్నారు. నిజమే, అమలు చేసేవాడు లేని చట్టం గోడ మీది కాగితమే. రాజధాని వాషింగ్టన్‌లో కూడా అలాంటి చట్టమే, అక్కడ అమలు ఉంది, 15 శాతమే కాదన్నారు. నన్ను నేను చూసుకుని చెబుతున్నాను, 2021లో టెక్సస్‌లో అలాంటి చట్టం ఉండి, పదివేల డాలర్ల జరిమానా భయం ఉండి ఉంటే నేను మూడు రెట్ల లెక్క సరైన అంకె మీద వేసేదాన్ని. భయంతో వేసినా లెక్క లెక్కే. ఆవిడకు నా హృదయ పరివర్తనతో పని లేదు, తాళం చెవితోనే పని.

"మన ఇల్లు మన ఇష్టం కదా" అంటారు మనవాళ్లు. ఎస్.ఆర్. నగర్ పెద్దావిడ కూడా అదే అనుకుని ఉంటారు. మంచినీళ్లు మాత్రం ఇద్దరికీ ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి.

పసివాళ్ల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1994లో మొదలుపెట్టి అయిదు మహానగరాల్లో కొన్ని పేద కుటుంబాలకు మెరుగైన పేటలకు మారడానికే వోచర్లిచ్చి, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో చూశారు. 13 ఏళ్ల లోపు మారిన పిల్లలు ఇరవై అయిదేళ్లు దాటేసరికి, మారని వారికన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని ఆర్థికవేత్త రాజ్ చెట్టీ బృందం తేల్చింది. వయసు పెరిగే కొద్దీ లాభం తగ్గిపోతుంది. అల్మరా తలుపులు తీసిన ఆ చిన్నవాడికి అప్పుడు నాలుగో అయిదో ఉంటాయి. ఇప్పటికీ పదమూడు దాటి ఉండవు. మా ఇంటి నుంచి మంచి ప్రాథమిక పాఠశాలకు నడిచి వెళ్లొచ్చు, పది నిమిషాలు. ఆవిడ ఫోన్ నంబరు నేను దాచుకోలేదు. దాచుకోవాల్సినంత సంగతి జరిగిందని అప్పుడు అనుకోలేదు.

రెండేళ్లకొకసారి చేసే తనిఖీ వచ్చే మంగళవారం. నిన్న మా అద్దెకున్నావిడ మెసేజ్ పెట్టారు, పొయ్యి మీద వెనక బర్నరు అంటుకోవడం లేదు, వాళ్లు చూసేలోపు చెబుదామని. రియల్టర్ తమ్ముడు పోయిన వారం ఏదో పని మీద ఫోన్ చేసి, "ఇంకా వాళ్లే ఉన్నారా అక్కా?" అన్నాడు. ఉన్నారన్నాను. ఇంకో ఇల్లు ఖాళీగా ఉందని, వోచర్ కాగితాలు ఎలా పంపాలో చెప్పమన్నాడు. బర్నరు సామాను కొని పెట్టాను. ఆదివారం వెళ్లి అది బిగించి, కిటికీ గొళ్లాలు ఒక్కొక్కటే వేసి చూడాలి.